వరదొస్తే అసైన్‌మెంట్‌కి గడువు పెంచే రూలేమైనా ఉందా?

లంకకుర్రోడు:
మాది పి.గన్నవరం దగ్గర గోదావరి మధ్యలో ఉండే లంక, బీటెక్ రెండో ఏడు. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పటి నుంచీ కాజ్‌వే నీళ్లలోనే ఉంది, పడవ దాటి బస్సు పట్టుకుని వెళ్లేసరికి మొదటి పీరియడ్ అయిపోతోంది, కరెంటు లేదు, ఫోన్ చార్జింగ్‌కి కూడా అవతలి గట్టుకే వెళ్లాలి. రెండు అసైన్‌మెంట్లు సోమవారంలోగా ఇవ్వాలి. ఒక మేడం తర్వాత ఇవ్వు నాన్నా అన్నారు. ఇంకో సారేమో మెడికల్ సర్టిఫికెట్ తెస్తే చూస్తానంటున్నారు. నాకు జ్వరం రాలేదండి, వరదొచ్చింది! టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర కూడా పట్టట్లేదు.

పాతసీనియర్:
తమ్ముడూ, ముందు మార్కుల లెక్క చూసుకో. కాకినాడ జేఎన్‌టీయూలో మా ఆర్20 (2020 రెగ్యులేషన్) బ్యాచ్‌కి ఇంటర్నల్ 30లో అసైన్‌మెంట్‌కి 5. సెమిస్టర్ మధ్యలో పెట్టే రెండు మిడ్ పరీక్షల్లో ఎక్కువొచ్చినదానికి 80 శాతం, తక్కువదానికి 20 శాతం వేస్తారు కాబట్టి ఒక మిడ్‌లో అసైన్‌మెంట్ పూర్తిగా పోయినా ఆ సబ్జెక్టులో పోయేది 4 మార్కులకి మించదు. మీ బ్యాచ్ రూల్ సిలబస్ బుక్ ముందు పేజీల్లో ఉంటుంది, చూసుకో. అసలు భయపడాల్సింది అటెండెన్స్‌కి. 75 శాతం తగ్గితే మన్నింపు కోసం కండోనేషన్ ఫీజు కట్టాలి, 65 కూడా లేకపోతే డిటెండే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే, ఎవరూ ఏం చేయలేరు. కాలేజీకి రాలేని రోజులన్నీ ఇప్పుడే కాగితం మీద పెట్టించు.

బోర్డుచాక్‌పీస్:
నేను లెక్చరర్‌ని, మా వైపు సంగతి కూడా చెప్తాను. ఇంటర్నల్ మార్కులు ఎక్కించడానికి యూనివర్సిటీ పెట్టిన ఆఖరు తేదీ దాటితే మా చేతిలో ఏమీ ఉండదు. ఈలోపు ఎవరికెన్ని రోజులివ్వాలన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు, ఎవరిష్టం వాళ్లది, చిక్కంతా అక్కడే. నోరున్నవాడు అడిగి తెచ్చుకుంటాడు, మొహమాటస్తుడు మార్కులు పోగొట్టుకుంటాడు. ఒక్కడివే సార్ చుట్టూ తిరగకు. లంకల నుంచొచ్చే పిల్లలంతా కలిసి హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గారికి ఒకే లెటర్ ఇవ్వండి, కలెక్టర్ గారు వరదకి సెలవిచ్చిన ఉత్తర్వుంటే జత చేయండి. సోమవారం కంటే ముందే ఇవ్వాలి సుమా, తర్వాత ఇస్తే సాకు అనుకుంటారు.

రావులపాలెం_టు_లండన్:
ఇక్కడ చాలా యూనివర్సిటీల్లో ఆన్‌లైన్ ఫారం నింపితే కొన్ని రోజులిస్తారు, చిన్న గడువుకైతే కొన్నిచోట్ల మన మాటే చాలు, సర్టిఫికెట్ అడగరు. ప్రొఫెసర్ మూడ్ చూసుకుని వెళ్లే పనే లేదు. అలాగని స్వర్గమేం కాదండోయ్, అడక్కుండా లేటైతే రోజుకిన్ని అని మార్కులు కోస్తారు, గడువు పెంచుకున్నవన్నీ ఒకే వారంలో వచ్చి మీద పడితే ఏడుపొక్కటే తక్కువ.

కోనసీమ అక్క:
నిద్ర పట్టట్లేదన్నాడు, ఆ ముక్క ఎవరూ పట్టించుకోరేంటి? బాబూ, మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, ఏ వేళప్పుడైనా తెలుగులోనే మాట్లాడొచ్చు. విశాఖలో చనిపోయిన నీట్ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, ఆపైన చదివే ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలని చెప్పింది. మీ కాలేజీలో ఆ గది ఎక్కడుందో అడుగు. తాళం వేసి ఉంటే ఆ లెటర్‌లో అది కూడా రాయండి.

లంకకుర్రోడు:
థ్యాంక్స్ అండి అందరికీ. లెటర్ రాశాం, యానాం వైపు నుంచొచ్చేవాళ్లు కూడా సంతకాలు పెట్టారు, మేడమే హెచ్‌ఓడీ గారి దగ్గరికి తీసుకెళ్లారు. చూద్దాం అన్నారట. కౌన్సెలర్ ఎవరంటే ఆఫీసులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకో మాట, నా నోట్సు తడిసిపోయింది, డేటా స్ట్రక్చర్స్ రెండో యూనిట్ ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటోలు పెడతారా?