హంద్రీ గట్టు మీద ఆదివారం: చెత్త ఏరాలా, నీళ్లు కొలవాలా?

గట్టుమనిషి:
కర్నూలులో హంద్రీ తుంగభద్రలో కలిసే చోటికి కాస్త ఎగువన ఇరవై మంది మూడు గంటలు వంగి ఏరితే సంచులు నిండుతాయి, ఫొటోలు బాగా వస్తాయి. వారం తిరిగేసరికి మురుగు కాలువ అంతా మళ్లా తెచ్చి పోస్తుంది. కంటికి కనిపించేది ప్లాస్టిక్కే గానీ ఏటి ప్రాణం తీసేది మురుగు. ఆ మూడు గంటలూ నీళ్లు కొలవడానికి పెట్టాలన్నది నా వాదన.

ఏరుతా పోదాం:
కొలిచి ఏం చేస్తారన్నా? 1974 నాటి నీటి కాలుష్య చట్టం 21వ సెక్షన్ చూడండి. కోర్టులో నిలవాలంటే కాలుష్య నియంత్రణ మండలి మనిషి వచ్చి, అవతలివాళ్లకు నోటీసిచ్చి, వాళ్ల ఎదురుగానే నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాల. మన సీసాకు యాడ విలువ? సంచిలో పడిన కవరు మాత్రం ఏట్లోకి తిరిగి పోదు.

గట్టుమనిషి:
ఎందుకు పోదు? సంచులు గట్టు మీదే వదిలేస్తే కుక్కలు చించుతాయి, గాలి మిగతా పని చేస్తుంది. మున్సిపాలిటీ బండి ఏ గంటకొస్తుందో ఖాయం చేసుకోకుండా ఏరడం దండగ. మన కొలత కోర్టు కోసం కాదు. ఏ తూము దగ్గర, ఏ పూట నీళ్లు చెడుతున్నాయో వరుసగా రాసిపెడితే, అధికారి సీసా పట్టుకుని ఆ పూటకే వస్తాడు.

బ్యూరెట్టు:
కొలవండి, కానీ పెన్ను లాంటి టీడీఎస్ మీటరుతో కాదు. అది ఉప్పులు చెబుతుంది, మురుగు సంగతి దానికి తెలియదు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ చూడాలి, అదీ పొద్దు పొడవకముందే. పచ్చగా పాచి పట్టిన మడుగులో మధ్యాహ్నం మూడింటికి కొలిస్తే లీటరుకు 12 మి.గ్రా. కూడా రావచ్చు. 30 డిగ్రీల మంచినీళ్లు పట్టుకునేదే ఏడున్నర. ఆ పైదంతా పాచి చలవ, తెల్లారేసరికి అదే మింగేస్తుంది. స్నానానికి పనికొచ్చే నీళ్లకు 5 తగ్గకూడదు.

300 మి.లీ. గాజు సీసాను నీళ్లలో ముంచి, బుడగ లేకుండా లోపలే మూత పెట్టాలి. బకెట్టుతో తోడి పోస్తే గాలి కలిసి లెక్క పెరుగుతుంది, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మి.లీ., పిపెట్టు కొన నీళ్లలో మునిగేలా వదలాలి. మడ్డి గోధుమ రంగులో దిగితే ఆక్సిజన్ ఉంది. తెల్లగా దిగిందా, ఇక కొలిచేదేం లేదు, సున్నా. తర్వాత గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ 2 మి.లీ. వేసి, 200 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ హైపోతో (సోడియం థయోసల్ఫేట్ ద్రావణం) టైట్రేషన్, అంటే రంగు పోయేదాకా చుక్కచుక్కగా వదిలి ఎంత ఖర్చైందో చూడటం. రంగు లేత పసుపుకు వచ్చాకే స్టార్చి వేయాలి. ఖర్చైన ఒక్కో మి.లీ. హైపోకు లీటరుకు ఒక మి.గ్రా.

కంపచెట్టు:
దారి సంగతి ఎవరూ ఎత్తలేదు. మనిషి నడవలేని గట్టు మీద కొలిచేదెవరు? సర్కారు తుమ్మను నేలమట్టానికి కొడితే ఒక్క మోడుకు పది చిగుళ్లు లేస్తాయి. మొదలును అడుగు లోతు తవ్వి తీయాలి, కానీ వాలులో తవ్వొద్దు, మొదటి వానకే గట్టు కోసుకుపోతుంది. 2009 అక్టోబరు వరద చూసిన ఊరికి ఇంకా చెప్పాల్నా? వాలులో కొమ్మలు కొట్టి వదిలేయండి. లాగిన గుర్రపుడెక్కను ఒడ్డునే పోయొద్దు, నీళ్లొస్తే మళ్లా ఏట్లోకే.

ఏరుతా పోదాం:
కంపచెట్టు అక్క మాట ఒప్పుకుంటా. బ్యూరెట్టు సార్, బడిపిల్లలు వచ్చే చోటికి ఆసిడ్ సీసా తెస్తారా?

బ్యూరెట్టు:
తేవద్దు. గట్టు మీద మొదటి రెండు మందులే, అవీ పెద్దవాళ్లు, తొడుగులు వేసుకుని. అజైడ్ విషం. మూత చుట్టూ నీళ్లు నిలిపి, సీసాను నీడన పెట్టి, అదే పూట కాలేజీ ల్యాబులో ఆసిడ్ వేయండి. మిగిలినదాన్ని మాత్రం తెచ్చి హంద్రీలో పోయకండి స్వామీ.