ఏడేళ్ళ పాపకి చూపు చాలా తక్కువ, డిస్నీ ట్రిప్ అనుకుంటున్నాం, వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

బుజ్జమ్మవాళ్ళమ్మ:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మేం అమెరికాలో షార్లెట్‌లో ఉంటాం. మా పెద్దది బుజ్జమ్మకి మొన్ననే ఏడు నిండాయి. 27 వారాలకే పుట్టింది, ఆర్‌ఓపీ (నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకి రెటీనాకి, అంటే కంటి వెనక పొరకి, వచ్చే జబ్బు) వల్ల ఎడమ కంటికి చూపు అసలు లేదు, కుడి కంటితో వెలుతురూ పెద్ద పెద్ద ఆకారాలూ కాస్త తెలుస్తాయి. కర్ర వాడుతుంది, బ్రెయిలీ చదువుతుంది, నోరు మాత్రం మా ఇంట్లో అందరికంటే పెద్దది. చిన్నోడికి నాలుగేళ్ళు, వాడి చూపు బానే ఉంది.

క్లాసులో ఎవరో డిస్నీకి వెళ్ళొచ్చారట, అప్పట్నుంచి ఒకటే గోల. గుంటూరు నుంచి అత్తయ్యగారు మామయ్యగారు వచ్చి ఉన్నారు కదా, క్రిస్మస్ సెలవుల్లో అందరం కలిసి ఆర్లాండో పోదాం అనుకున్నాం. అత్తయ్యగారు మంచి మనిషే, పాపంటే ప్రాణం. కానీ మొన్న భోజనాల దగ్గర "దానికేం కనపడుద్దని అమ్మాయ్ అన్ని వేలు పొయ్యడం, బీచికి తీసకపోతే సరిపోద్దిగా" అనేశారు. పాప పక్కనే ఉంది. ఏమీ మాట్లాడకుండా తినేసి లేచిపోయింది. రాత్రి పడుకోబోతూ "అమ్మా, డిస్నీ అంటే చూసేదేనా?" అని అడిగింది. నాకేం చెప్పాలో తోచక పడుకో అన్నానంతే.

ఇప్పుడు నా డౌట్లు, వరుసలో లేకుండా రాసేస్తున్నా ఏమనుకోకండి. లైన్లో నిలబడకుండా డిసబిలిటీ పాస్ ఏదో ఉందంటారు అది మాకొస్తుందా, ఏ రైడ్లు బాగుంటాయి, అంత జనంలో చెయ్యి జారితే ఎలా, చిన్నోడు "అదిగో మిక్కీ" అని అరుస్తుంటే ఇది చిన్నబుచ్చుకోదా. అసలు వెళ్ళాలా వద్దా అన్నదే పెద్ద డౌట్ అనుకోండి.

డాలస్_నాన్న:

వెళ్ళండి అండి, ఆలోచించకండి. మా వాడికి తొమ్మిదేళ్ళు, పుట్టుకతోనే చూపు లేదు, వెలుతురు కూడా తెలీదు. రెండుసార్లు వెళ్ళొచ్చాం, మూడోసారికి వాడే డబ్బులు దాస్తున్నాడు.

ముందు డేట్లు మార్చండి. క్రిస్మస్‌కీ న్యూ ఇయర్‌కీ మధ్య వారం అక్కడ ఇసకేస్తే రాలదు. మనకైతే జనం చిరాకు, అంతే. ఈ పిల్లలకి అలా కాదండి, వాళ్ళు చెవులతో దారి పట్టుకుంటారు కదా, చుట్టూ అంత హోరు ఉంటే ఏ శబ్దం ఎటునుంచి వస్తుందో తెలీక గంటలోనే అలిసిపోతారు. మొదటిసారి మా వాడు మధ్యాహ్నానికల్లా చెవులు మూసుకుని కూర్చున్నాడు, కళ్ళు లేనివాడు చెవులు కూడా మూసుకున్నాడంటే అర్థం చేసుకోండి. స్కూలుకి నాలుగు రోజులు సెలవు పెట్టించైనా సరే డిసెంబర్ మొదట్లోనో జనవరి చివర్లోనో పెట్టుకోండి.

పాస్ సంగతి. మీరనేది డీఏఎస్ (డిసబిలిటీ యాక్సెస్ సర్వీస్). 2024 నుంచి అది ఆటిజం లాంటి డెవలప్‌మెంటల్ ఇబ్బంది వల్ల మామూలు లైన్లో ఎక్కువసేపు ఆగలేని వాళ్ళకే అని రూల్ పెట్టారు, కాబట్టి చూపు ఒక్కటే కారణమైతే దాన్ని నమ్ముకుని ప్లాన్ చెయ్యకండి. డబ్బులు పెట్టుకోగలిగితే లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ (డబ్బులిచ్చి చిన్న లైన్లో వెళ్ళే పాస్) కొనుక్కోండి, వాళ్ళ హోటల్లో దిగితే 7 రోజుల ముందు, బయట దిగితే 3 రోజుల ముందు బుక్ చేసుకోవచ్చు. చిన్నోడికి ఎత్తు సరిపోని రైడ్లకి రైడర్ స్విచ్ అడగండి, ఒకరు వాడితో బయట ఉంటే ఇంకొకరు పాపతో ఎక్కి రావచ్చు, తర్వాత రెండోవాళ్ళు మళ్ళీ మొత్తం లైను కట్టక్కర్లేదు.

గేటు దాటగానే గెస్ట్ రిలేషన్స్ (సందర్శకులకి సాయం చేసే కౌంటర్)‌కి వెళ్ళి ఆడియో డిస్క్రిప్షన్ మెషిన్ అడగండి. చేతిలో పట్టేంత ఉంటుంది, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కొన్ని రైడ్లలో ఎదురుగా ఏం జరుగుతుందో చెప్తూ ఉంటుంది. 25 డాలర్లు డిపాజిట్, అదే రోజు తిరిగిస్తే వెనక్కిస్తారు. బ్రెయిలీ గైడ్‌బుక్ కూడా ఉంటుంది. మీ పాప చదువుతుంది అన్నారుగా, ఆ పుస్తకం దాని చేతికే ఇచ్చి ఎక్కడికి వెళ్దామో నువ్వే చెప్పు అనండి, ఇంక చూస్కోండి.

ఒక్క విషయం ఎవరూ చెప్పరు. మిక్కీ, మిన్నీ, గూఫీ లాంటి బొచ్చు బొమ్మల వేషాలవాళ్ళు మాట్లాడరు! మా వాడు "హాయ్ మిక్కీ" అని చెయ్యి చాచి నిలబడ్డాడు, అటునుంచి సప్పుడు లేదు. వీడికి ఏడుపొచ్చేసింది. తర్వాత పక్కనుండే అసిస్టెంట్‌కి ముందే "మా బాబుకి కనపడదు, ముట్టుకుని చూస్తాడు" అని చెప్పడం మొదలెట్టాం, అప్పుడు మిక్కీనే వాడి చెయ్యి పట్టుకుని చెవులూ ముక్కూ బూట్లూ అన్నీ తడిమించాడు. ప్రిన్సెస్‌లు మాత్రం మాట్లాడతారు, మీ పాప నోటికి వాళ్ళే కరెక్టు.

రైడ్లలో మా వాడి ఫేవరెట్లు: టికీ రూమ్ (పక్షులు నాలుగు వైపుల నుంచీ పాడతాయి), ఫిల్హర్‌మ్యాజిక్ (3డీ సినిమా, గాలి, నీళ్ళ తుంపర, ఆపిల్ పై వాసన కూడా), డంబో (ఏనుగుని పైకీ కిందకీ లేపే లివర్ పిల్లల చేతిలోనే ఉంటుంది). సోరిన్‌లో (గాల్లో ఎగురుతున్నట్టుండే రైడ్) మేం ఎక్కినప్పుడు తాజ్‌మహల్ దగ్గరికి రాగానే గులాబీ వాసన వచ్చింది, "నాన్నా ఇండియా వచ్చింది" అన్నాడు. టుమారోలాండ్ స్పీడ్‌వే (పిల్లలు కారు నడిపే రైడ్) అసలు మర్చిపోకండి, కారు కింద పట్టా ఉంటుంది కాబట్టి ఎంత తిప్పినా రోడ్డు దాటదు, స్టీరింగ్ వాడికిచ్చి పక్కన కూర్చున్నా. ఇక స్పేస్ మౌంటెన్ రోలర్ కోస్టర్ అంటారా, అది మొత్తం చీకటే కదండీ, ఎక్కినవాళ్ళందరికీ నేను కర్ర ఎలా పట్టుకోవాలో నేర్పుతా అన్నాడు మా వాడు 😄 దానికి 44 అంగుళాల ఎత్తుండాలి.

తెల్లకర్ర:

నేను హైదరాబాద్, 34 ఏళ్ళు, పుట్టినప్పటినుంచి చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) రాస్తున్నా, అచ్చుతప్పులు దాని ఖాతాలో వేసుకోండి.

డిస్నీ నాకు తెల్వదు. నాంపల్లి ఎగ్జిబిషన్ తెలుసు. ఏటా మామూలుగా జనవరి 1న మొదలవుతుంది కదా, మా నాయన ఖాయంగా తీస్కపోయేటోడు. జెయింట్ వీల్ దగ్గర ప్రతిసారీ ఎవరో ఒకరు "పాపం, పిల్లగానికి ఏం కనిపిస్తదని" అనేవాళ్ళు. నాయన జవాబు ఇచ్చేటోడు కాదు, టికెట్ కొనేటోడు. పైకి పోంగనే కింద మైకుల గోల పల్చబడి, చల్లగాలి ముఖానికి తగిలి, మిర్చి బజ్జీ వాసన ఒకసారి వచ్చి ఒకసారి పోయేది. అది నేను చూసిన ఎగ్జిబిషన్. పక్కన కూసున్నోళ్ళు లైట్లు చూసిన్రు, అంతే తేడా.

పాప అడిగిందానికి జవాబు బాకీ పెట్టకండి. పడుకో అన్నారు, సరే, కానీ అది నిద్రపోయి ఉండదు. "కొంత చూసేది, చాలా వరకు ఎక్కేది, వినేది, తినేది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. బాణసంచా లాంటివి చూసేవే, వాటిని వదిలెయ్యొచ్చా అని దాన్నే అడగండి.

రైడ్ ఎక్కేముందు చీకటి ఉంటదా, కిందికి పడిపోతదా, నీళ్ళు కొడతయా, ఎంతసేపు అని ముందే చెప్పాలె. సర్‌ప్రైజ్ మీకు సరదా, మాకు గుండె ఆగినంత పని. ఒక పార్కుల (పేరెందుకు లెండి) పదేళ్ళప్పుడు ఎక్కినంక చెప్పిన్రు ఇది తలకిందులైతదని, నేను రెండేళ్ళు ఊయల కూడా ఎక్కలే. సీటు, కడ్డీ, పట్టుకునే చోటు ముందు చేత్తో తడిమి చూడనివ్వండి, వెనక లైనోళ్ళు అరిస్తే అరవనివ్వండి.

తప్పిపోతే పేరు బిళ్ళ పెట్టుకున్న స్టాఫ్‌ని వెతుక్కో అని చెప్తారు కదా మామూలుగా పిల్లలకి, మీ పాపకి ఆ బిళ్ళ ఎట్ల కనిపిస్తది? ఉన్నచోటే నిలబడి, కర్ర పైకెత్తి, మీ ఇంటి మాట ఏదన్నా గట్టిగా అరవమనండి. ఇంగ్లీష్ గోలలో తెలుగు మాట దూరం పోతది.

చిన్నోడు "అదిగో" అన్నప్పుడల్లా "ఎక్కడ, ఎట్లుంది, ఏం చేస్తుంది" అని అడిగే పని అక్కకి అప్పజెప్పండి. నాలుగేళ్ళోడు చెప్పే వర్ణన మస్తు తప్పులతో ఉంటది, ఇంకా మంచిది, కొట్టుకుంటరు.

రెటీనా_గిరి:

ఆప్టోమెట్రిస్ట్‌ని (చూపు పరీక్షించే పని), ఒక్క ముక్క చెప్పి పోతా. ఆర్‌ఓపీ వచ్చిన కళ్ళలో రెటీనా ఊడే రిస్క్ జీవితాంతం మామూలు కంటే ఎక్కువ. మీ పాపకి ఉన్నదే ఒక కన్ను. పైన చెప్పినవాళ్ళ పిల్లలకి సరిపోయినవి దీనికి సరిపోతాయని కాదు. టికెట్లు కొనకముందే రెటీనా డాక్టర్‌కి రైడ్ల లిస్టు చూపించి ఏవి ఓకే ఏవి కాదో రాయించుకోండి, ముఖ్యంగా గట్టిగా కుదిపేవి, ఒక్కసారిగా ఆగేవి. ట్రిప్‌లో ఉన్నట్టుండి మెరుపులు, నల్ల చుక్కలు, తెర పడ్డట్టు ఉంది అంటే వాయిదా వెయ్యకుండా అదే రోజు ఎమర్జెన్సీకి. పాపకి ముందే ఆ మాటలు నేర్పండి.

బుజ్జమ్మవాళ్ళమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చా. డాక్టర్‌ని అడిగాం, రోలర్ కోస్టర్లు ఏవీ వద్దన్నారు, డంబో, టికీ రూమ్, పడవ రైడ్లు పర్లేదన్నారు. స్పీడ్‌వే కారు సంగతి వెనకనుంచి గుద్దుతారేమో అని ఆలోచించి చెప్తానన్నారు. కోస్టర్లు లేవనేసరికి కాసేపు అలిగింది, నేను బుజ్జగించలేదు, అలగనిచ్చా.

జనవరి నాలుగో వారానికి మార్చుకున్నాం. తెల్లకర్ర గారూ, మీరు రాసింది పాపకి చదివి వినిపించా, మిర్చి బజ్జీ దగ్గర ఆపి "డిస్నీలో ఉంటుందా" అంది. ఉండదు కానీ బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారట కాబట్టి పులిహోర డబ్బా ఖాయం. మన ఇంటి మాట ఏం పెట్టుకుందాం అంటే "గోంగూర" అంది.

అత్తయ్యగారికి నేనేం చెప్పలేదు. నిన్న అదీ ఆవిడా కూర్చుని ఏవేం ఎక్కాలో లెక్కేసుకుంటున్నారు, వంటింట్లోకి వినపడింది, "ఆ ఏనుగు నువ్వెంత లేపితే అంత పైకి పోద్దా? నన్ను మరీ పైకి లేపమాకే, నాకు కళ్ళు తిరుగుతయ్" అంటున్నారు.