లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం) దగ్గర గ్లౌజులు వేసుకోవాలా, వద్దా?

బాలానగర్ షెడ్డు:
మా షెడ్డులో చిప్స్ (చెక్కేటప్పుడు రాలే లోహపు తరుగు) గీసుకుని ఎవరో ఒకరి వేలు తెగుతూనే ఉంటుంది. మా దగ్గర విడిభాగాలు కొనే కంపెనీవారు తనిఖీకి వచ్చి, యంత్రం మీద పనిచేసే అందరికీ గ్లౌజులు తప్పనిసరి చేయమని రాసి వెళ్లారు. లేత్ నడిపే మా పెద్ద టర్నరు గారు మాత్రం ససేమిరా వేసుకోనంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఐటీఐ బోధకుడు:
మీ టర్నరు గారి మాటే వినండి. 40 మి.మీ. వ్యాసం ఉన్న షాఫ్టు (గుండ్రటి కడ్డీ) 500 ఆర్‌పీఎంతో, అంటే నిమిషానికి 500 చుట్లు తిరుగుతుంటే దాని ఉపరితలం సెకనుకు మీటరుకు పైగా కదులుతుంది. గ్లౌజు కొస దానికి చుట్టుకుంటే, అర సెకనులో మూరెడు చెయ్యి లోపలికి పోతుంది, రెండో చెయ్యి స్విచ్ దాకా చేరే వ్యవధి కూడా ఉండదు. చిప్ కోస్తే కుట్లు పడతాయి. గ్లౌజు చుట్టుకుంటే వేళ్లే పోతాయి. సులభంగా తెగని దారంతో అల్లిన గ్లౌజులు మరీ ప్రమాదకరం, ఎందుకంటే అవి చిరిగి చేతిని వదలవు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను కూడా, కదిలే యంత్రాన్ని పరీక్షించేవారు ఒంటికి అతుక్కునే బిగుతు దుస్తులు వేసుకోవాలనే చెప్పింది.

ఆటోనగర్ టర్నరు:
బోధకుడు గారూ, మైల్డ్ స్టీలు చిప్ తీగలా సాగి జాబ్‌కు (చెక్కుతున్న ముక్కకు) చుట్టుకుంటుంటే లాగక తప్పదు. పైగా రోజంతా కూలెంట్‌లో (చల్లబరిచే ద్రవంలో) నానే చేతులకు దురద, పగుళ్లు. సన్నని నైట్రైల్ (ఒక రకం రబ్బరు) గ్లౌజు ఇట్టే చిరిగిపోతుంది కదా, దానికి కూడా అభ్యంతరమేనా?

ఐటీఐ బోధకుడు:
చర్మం బాధ నిజమే. అయితే నైట్రైల్ చిరిగేలోపే వేలు మెలిపడవచ్చు కాబట్టి, దాన్ని కూడా స్పిండిల్ (జాబ్‌ను తిప్పే ఇరుసు) ఆగినప్పుడే వాడమంటాను. పనికి ముందు చర్మాన్ని కాపాడే బ్యారియర్ క్రీము రాసుకోవాలి, వాసన పట్టిన కూలెంట్‌ను మార్చాలి. చిప్ తీగలా సాగితే ఫీడ్ (ఒక్కో చుట్టుకు పనిముట్టు ముందుకు జరిగే దూరం) కొంచెం పెంచి, చిప్ బ్రేకర్ (చిప్‌ను విరిచే గాడి) ఉన్న ఇన్సర్టు (పనిముట్టుకు బిగించే కోత మొన) వాడండి, ముక్కలై రాలుతుంది. మిగిలినదాన్ని యంత్రం ఆపి, కొక్కెంతో లాగాలి; ఆ కొక్కెం పిడికి వేలు దూర్చే రింగు ఉండకూడదు. ఎమరీ పేపరును (నునుపు చేసే గరుకు కాగితాన్ని) షాఫ్టు చుట్టూ తిప్పి రెండు కొసలూ ఒకే చేత్తో పట్టుకోవడం కూడా గ్లౌజుతో సమానమైన ప్రమాదమే, చాలామంది దీన్ని అసలు ప్రమాదంగానే చూడరు.

బాలానగర్ షెడ్డు:
ఈ లెక్కతోనే తనిఖీవారికి జవాబు రాస్తాను. మా పాత లేత్‌కు కాలి బ్రేకు లేదు, స్విచ్ ఆపాక తిరుగుతున్న చక్‌ను (జాబ్‌ను బిగించి పట్టే భాగాన్ని) కుర్రవాళ్లు అరచేత్తో ఆపుతుంటారు.

ఐటీఐ బోధకుడు:
అది ఈ రోజే మాన్పించండి. చక్ తనంతట తాను ఆగేదాకా చేతులు దూరంగా ఉండాలి, బ్రేకు అమర్చేదాకా ఆలస్యమైనా సరే.