చైనా వాళ్ళకు ‘కజిన్’ నేర్పేటప్పుడు ఎనిమిది వరసలూ చెప్పాలా?

శ్యామల_గ్వాంగ్‌జౌ:
ఇక్కడ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు సాయంత్రాలు ఇంగ్లిష్ చెబుతుంటాను. ‘కజిన్’ అనే ఒక్క మాటకు చైనీస్‌లో ఎనిమిది ఉన్నాయి. నాన్న అన్నదమ్ముల పిల్లలైతే ముందు ‘థాంగ్’, మిగతా అందరికీ ‘బియావ్’. దాని వెనక అన్న, తమ్ముడు, అక్క, చెల్లి. థాంగ్‌గ అంటే పెదనాన్న కొడుకో బాబాయి కొడుకో, మనకంటే పెద్దవాడు. ఈ జాబితా క్లాసులో చూపించకూడదని నా వాదన. అది చూశాక ఇంగ్లిష్‌లో ఏదో లోటుందని, దాన్ని తామే పూడ్చాలని అనుకుంటారు. ‘అమ్మ తరఫు, నాకంటే పెద్ద, మగ కజిన్’ అని వాక్యమంతా వరసలతో నింపేస్తారు. ‘అంకుల్, ఆంటీల బిడ్డ’ అని ఇంగ్లిష్‌లోనే చెప్పేస్తే చాలదా?

మాటలమూట:
చాలదండీ. అంకుల్ అంటే మాత్రం? బోఫు, షూషు, జ్యూజ్యూ, గూఫు, యీఫు. అయిదుగురూ అంకుళ్ళే. ఒక ముడి విప్పడానికి ఇంకో ముడి చేతికిస్తున్నారు. వయసొచ్చినవాళ్ళకు సొంత భాషలో చెబితే అర నిమిషంలో అయిపోతుంది.

నంద్యాల_డాక్టర్:
నేను ఎంబీబీఎస్ అక్కడే చదివాను. అసలు గొడవ ‘కజిన్’ దగ్గర కాదు, ‘బ్రదర్’ దగ్గర. మా క్లాస్‌మేట్ ఒకడు ఇంట్లో తానొక్కడినే అంటాడు, మర్నాడు ‘మా బ్రదర్ పెళ్ళి’ అంటాడు. మొదట అబద్ధమేమో అనుకున్నాం. మాటల్లో ఆ ముందు ముక్క వదిలేసి ఉత్తి ‘గగ’ అనేస్తారు, అంటే అన్న. 1980 నుంచి 2015 దాకా నడిచిన ఒకే బిడ్డ విధానంలో నగరాల్లో చాలామందికి సొంత అన్నదమ్ములే లేరు, బాబాయి పిల్లలే అన్నదమ్ములు. అలాంటివాడికి కజిన్ అనే మాట అవసరమే తోచదు. కాబట్టి పాఠం ‘బ్రదర్’ నుంచి మొదలవ్వాలి: తోడబుట్టినవాడైతేనే బ్రదర్ అని. మనం ఏం తక్కువ? ‘కజిన్ బ్రదర్’ అని ఒక మాట పుట్టించుకుని హాయిగా వాడేస్తున్నాం.

పాతచింతకాయ:
తెలుగువాళ్ళు ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మనకూ వరసలు బోలెడు, కానీ గీత గీసిన చోటు వేరు. చైనా వాళ్ళది ఇంటిపేరు గీత, మనది పెళ్ళి గీత. పిన్ని కొడుకు మనకు తమ్ముడు, మేనమామ కొడుకు బావ. వాళ్ళకు ఇద్దరూ బియావే. 18వ శతాబ్దపు ‘ఎర్ర మేడల కల’ నవలే చూడండి. నాయకుడు బావ్‌యు ప్రేమించిన దాయ్‌యు మేనత్త కూతురు, మన లెక్కలో మరదలు. 120 అధ్యాయాల ప్రతిలో ఇంటివాళ్ళు అతనికి కట్టబెట్టేది బావ్‌చాయ్‌ని. ఆమె అమ్మ తోడబుట్టినావిడ కూతురు, పైగా వయసులో పెద్దది. అంటే మనకు అక్క! ఇంగ్లిష్‌లో ఇద్దరూ ‘కజిన్’ అయి కూర్చుంటే ఆ తేడా ఎటు పోయింది? కజిన్ల మధ్య పెళ్ళి సంగతంటారా, చైనాలో 1950 వివాహ చట్టం దాన్ని ఆచారానికి వదిలింది, 1980 చట్టం ఇలాంటి పెళ్ళిళ్ళన్నిటినీ ఆపేసింది.

శ్యామల_గ్వాంగ్‌జౌ:
నవల సంగతి బాగుంది. అయితే అది చైనీస్ నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్ళేటప్పుడు పోయే సరుకు. మా వాళ్ళు రాసేది ఆఫీసు మెయిళ్ళు. ‘వచ్చే వారం మా కజిన్ పెళ్ళి, సెలవు కావాలి’ అన్నచోట అమ్మ తరఫా నాన్న తరఫా అని ఏ మేనేజరూ అడగడు. ఇంకో మాట, పిలుపు. ఇంగ్లిష్ వాళ్ళు కజిన్‌ని పేరు పెట్టే పిలుస్తారు. మా విద్యార్థులకు తమకంటే పెద్దవాణ్ణి పేరుతో పిలవాలంటే టెన్షన్. ‘హలో కజిన్’ అని మొదలుపెడతారు. క్లాసులో టైమ్ దీనికి పెట్టాలంటాను, జాబితాకు కాదు.

మాటలమూట:
రాయడం వరకు సరే. అదే మెయిల్ అటునుంచి వస్తే? ‘మై కజిన్ విల్ మీట్ యూ ఎట్ ది ఎయిర్‌పోర్ట్’ అని ఇంగ్లండ్ నుంచి రాశారు. దాన్ని చైనీస్‌లో చెప్పాలంటే ఏ తరఫో, పెద్దో చిన్నో, ఆడో మగో తెలియాలి. ఆ వాక్యంలో ఒక్కటీ తెలియదు. మీ జాబితా లేని విద్యార్థి ఏం చేస్తాడు?

నంద్యాల_డాక్టర్:
‘బంధువు’ అని రాసి ఊరుకుంటాడు. మా క్లాస్‌మేట్ అదే చేసేవాడు.

శ్యామల_గ్వాంగ్‌జౌ:
చదివేవాళ్ళకు జాబితా ఇస్తాను, రాసేవాళ్ళకు ఇవ్వను. ఇంతకు మించి దిగను.

మాటలమూట:
రెండూ ఒకే మనిషి చేసే పనులు కదండీ!