తెర మీది గీత దిగితే నొప్పి దిగినట్టేనా?

వెన్నెలబాట (చర్చ ప్రారంభం)

నాలుగేళ్లుగా నాకు మెడ, కుడి భుజం పట్టేసి, ఆ పట్టు సాయంత్రానికి తలనొప్పిగా మారుతోంది. స్కానింగులో కంగారు పడవలసినదేమీ కనబడలేదు. మందులతో పాటు బయోఫీడ్‌బ్యాక్ శిక్షణ కూడా తీసుకోమన్నారు. మొత్తం 12 విడతలకు గాను ఇప్పటికి 8 పూర్తయ్యాయి. ఈ పద్ధతి తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. కండరం పనిచేస్తున్నప్పుడు పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్లు పట్టుకుంటాయి. దాన్ని మైక్రోవోల్టుల్లో కొలిచి తెర మీద గీతగానో, హెచ్చుతగ్గులయ్యే శబ్దంగానో మనకే చూపిస్తారు. వేలికొసల వేడిని, చెమటను బట్టి మారే చర్మపు విద్యుత్ వాహకతను, శ్వాసతో పాటు గుండె లయలో వచ్చే తేడాను కూడా ఇలాగే చూపించే పద్ధతులున్నాయి.

మొదటి రోజు జరిగినది ఇప్పటికీ మరువలేను. భుజాలు పూర్తిగా వదిలేశారా అని అడిగితే వదిలేశానని నమ్మకంగా చెప్పాను. తీరా తెర వైపు చూస్తే కుడి భుజం గీత ఎడమ భుజం గీతకు దాదాపు మూడింతల ఎత్తులో ఉంది. అదేమిటని అడగబోయి నోరు తెరవగానే ఆ గీత ఇంకా పైకి లేచింది. నా భుజం సంగతి నాకే తెలియదన్నమాట.

ఆరో విడతకల్లా గీతను దింపడం అలవాటైంది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. గీత చక్కగా దిగిన రోజు సాయంత్రం తలనొప్పి వచ్చింది, గీత మొండికేసిన మరో రోజు రాత్రి హాయిగా నిద్ర పట్టింది. కనుక నా ప్రశ్న ఇది: ఈ యంత్రం నా శరీరాన్ని నాకు పరిచయం చేస్తోందా, లేక నొప్పి తగ్గుతోందన్న ఊరటను మాత్రమే ఇస్తోందా?

నిలువుటద్దం

మీరు గమనించినది మీ ఒక్కరి అనుభవమే కాదు, ఈ రంగం చరిత్రలోనే ఉన్న ఇబ్బంది. గుండె వేగం వంటి అసంకల్పిత చర్యలను కూడా బహుమతి చూపి నేర్పవచ్చని 1960లలో అమెరికన్ మనస్తత్వవేత్త నీల్ మిల్లర్ బృందం ఎలుకల మీద ప్రయోగాలు చేసి ప్రకటించింది. కండరాలు బిగించి గుండె వేగాన్ని మార్చుకునే వీలు లేకుండా ఎలుకలను క్యురారే అనే మందుతో చచ్చుబడేలా చేసి, కృత్రిమ శ్వాస మీద ఉంచి మరీ చేసిన ప్రయోగాలవి. బయోఫీడ్‌బ్యాక్ మీద తొలినాళ్లలో పుట్టిన ఉత్సాహానికి ఇవి పెద్ద దన్ను. అయితే ఆ ఫలితాలు మళ్లీ రాబట్టలేకపోతున్నామని 1974లో మిల్లర్ స్వయంగా తన సహ పరిశోధకుడు డ్వోర్కిన్‌తో కలిసి రాశారు. ఒప్పుకున్నందుకు ఆయనను గౌరవిస్తాను. పునాదిలో బీట ఉన్న మాట మాత్రం మరచిపోలేను.

అంతకన్నా సూటిగా మీ ప్రశ్నకు తగిలే ప్రయోగం కెన్నెత్ హోల్రాయిడ్ బృందం 1984లో ప్రచురించినది. బిగుతు వల్ల వచ్చే తలనొప్పి ఉన్న విద్యార్థులందరికీ నుదుటి కండరాన్ని సడలించడం నేర్పుతున్నామనే చెప్పారు. నిజానికి కొందరికి సడలించినప్పుడు, కొందరికి బిగించినప్పుడు గీత అనుకూలంగా కదిలేలా యంత్రాన్ని అమర్చారు. దానికి తోడు, కొందరికి బ్రహ్మాండంగా చేస్తున్నారని, మిగిలినవారికి ఓ మోస్తరుగా చేస్తున్నారని తెర చూపించింది. గొప్పగా చేస్తున్నామని నమ్మినవారిలో తలనొప్పి 53 శాతం తగ్గగా, ఓ మోస్తరుగా చేస్తున్నామనుకున్నవారిలో 26 శాతమే తగ్గింది. కండరం నిజంగా సడలిందా, బిగిసిందా అన్నదానితో ఈ ఫలితానికి సంబంధం లేదు. అటువంటప్పుడు ఎలక్ట్రోడ్లు, తెర, విడతకింత రుసుము ఎందుకు? కుర్చీలో కూర్చుని ఒక్కొక్క కండరాన్నీ బిగించి వదలడం ఎడ్మండ్ జాకబ్సన్ 1920లలోనే నేర్పారు.

దారపుకొస

ఫిజియోథెరపీ వృత్తిలో ఉన్నాను, ఈ పరికరాన్ని వాడతాను; కాబట్టి నా మాటలో మొగ్గు ఉంటే ఆ మేరకు తగ్గించి చదవండి.

హోల్రాయిడ్ ప్రయోగం గురించి నిలువుటద్దం గారు చెప్పినది నిజమే, కాని దాని నుంచి ఆయన తీసిన ముగింపు తొందరపాటు అనిపిస్తోంది. యంత్రం వల్ల ఉపయోగం లేదని ఆ ప్రయోగం చెప్పడం లేదు. ఈ బాధ నా అదుపులోకి వస్తుందన్న నమ్మకం పుట్టడమే అక్కడ పనిచేసిందని చెబుతోంది. ఏళ్ల తరబడి నొప్పితో ఉన్న మనిషిలో మొదట పోయేది ఆ నమ్మకమే. రానున్న నొప్పికి భయపడి ముందుగానే ఒళ్లు బిగబట్టడం, ఆ బిగువు మళ్లీ నొప్పిని పెంచడం అనే సుడిలో చిక్కుకున్నవారికి, తమ ప్రయత్నంతో ఏదో ఒకటి కదిలిందని కళ్లారా చూడడం చిన్న విషయం కాదు. దాన్ని ప్లసీబో (అసలు మందు లేకపోయినా నమ్మకంతోనే మేలు చేసే ఉత్తుత్తి చికిత్స) అని పేరు పెట్టి పక్కన పడేద్దామన్నా, 1978లో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ పంటి శస్త్రచికిత్స చేయించుకున్నవారి మీద చేసిన ప్రయోగంలో, నాలోక్సోన్ ఇచ్చాక ప్లసీబోతో తగ్గిన నొప్పి తిరిగి పెరిగింది. నాలోక్సోన్ నల్లమందు జాతి మందులను అడ్డుకునే పదార్థం. అంటే నమ్మకం వల్ల కలిగిన ఊరటలో శరీరం తానుగా తయారు చేసుకునే పదార్థాలకు పాత్ర ఉందన్నమాట.

రెండో విషయం. తలనొప్పులన్నిటినీ, నొప్పులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కటి అడుగు కండరాలు బిగుసుకోవడం వల్ల మలద్వారం పైభాగంలో దీర్ఘకాలం ఉండే నొప్పి ఒకటుంది. సిగ్గు వల్ల దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ నొప్పి ఉన్న 157 మంది మీద చేసిన అధ్యయనాన్ని కియారియోని బృందం 2010లో ప్రచురించింది. పరీక్షలో ఆ కండరాన్ని లాగినప్పుడు నొప్పి తెలిసినవారిలో బయోఫీడ్‌బ్యాక్‌తో 87 శాతం మందికి, విద్యుత్ ప్రేరణతో 45 శాతం మందికి, మర్దనతో 22 శాతం మందికి తగినంత ఉపశమనం కలిగింది. కండరాన్ని లాగినా నొప్పి తెలియనివారికి మాత్రం ఇంత మేలు జరగలేదు. ఉత్త నమ్మకమే పనిచేస్తే ఈ రెండు గుంపుల మధ్య ఇంత తేడా ఎందుకు రావాలి? నొప్పికి మూలమైన కండరమూ, మనిషి తానుగా తెలుసుకోలేని బిగువూ ఒకేచోట కలిసినప్పుడు యంత్రం చూపే అంకెకు నిజమైన విలువ ఉంటుంది.

జాకబ్సన్ పద్ధతి చాలునన్న మాటకు కూడా సమాధానం ఉంది. బిగుతు తలనొప్పి మీద జరిగిన 53 అధ్యయనాలను కలిపి నెస్టోరియుచ్ బృందం 2008లో విశ్లేషించినప్పుడు, సడలింపు సాధనల కన్నా బయోఫీడ్‌బ్యాక్‌కు కొంత మెరుగైన ఫలితమే కనిపించింది.

తొలిజాము

నాకు ఈ శిక్షణ మేలు చేయలేదు. నడుం నొప్పికి వెళ్లాను. నెల తిరిగేసరికి కూర్చున్నా నిలుచున్నా నడుం ఎంత బిగిసిందో చూసుకోవడమే పనైపోయింది. అంతకు ముందు పనిలో పడితే గంటసేపైనా నొప్పిని మరచిపోయేదాన్ని, ఆ మరుపు కూడా పోయింది. ఒంటి మీద ఎరుక పెరగడం మంచిదే అని అందరూ అంటారు గాని, నొప్పి ఉన్నవారికి ఒంటి మీద ధ్యాస తక్కువై కాదు, ఎక్కువై బాధ. దీనికి దారపుకొస గారు ఏమంటారు?

దారపుకొస

తొలిజాము గారూ, మీ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. మాలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే ఉంది. కాపలా కాయడం వేరు, గుర్తుపట్టడం వేరు. కాపలా కాసేవారు ఎప్పుడు ఏ కీడు వస్తుందోనని చూస్తుంటారు, ఆ చూపుతోనే ఒళ్లు బిగుసుకుంటుంది. గుర్తుపట్టేవారు ఒక్క క్షణం చూసి, చేయవలసినది చేసి, తమ పనిలోకి వెళ్లిపోతారు. నొప్పిగా ఉందా అన్న ప్రశ్న మొదటి దారిలోకి లాగుతుంది. భుజం చెవికి దగ్గరగా ఉందా, దూరంగా ఉందా అన్నది రెండో దారి. మీకు మొదటి ప్రశ్నే పదేపదే వేసి ఉంటారనిపిస్తోంది.

నేను అనుసరించే పద్ధతి చెబుతాను, ఎవరైనా తమ దగ్గర అడిగి చేయించుకోవచ్చు. రెండు మూడు విడతల తర్వాత తెరను శిక్షకుల వైపు తిప్పేయాలి. కండరం ఇప్పుడు ఎంత బిగువుగా ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి ముందు నోటితో చెప్పాలి, ఆ తర్వాతే తెర చూడాలి. చెప్పినదానికీ చూపినదానికీ మధ్య దూరం క్రమంగా తగ్గాలి. గీత ఎంత దిగిందన్నది నేను రాసుకోను, ఆ దూరమే రాసుకుంటాను. పడుకుని సాధించినది కూర్చున్నప్పుడు, కూర్చుని సాధించినది మాట్లాడుతూ టైపు చేస్తున్నప్పుడు కూడా నిలుస్తోందో లేదో చూడాలి. వాలుకుర్చీలో కళ్లు మూసుకుంటే ఎవరి గీతైనా దిగుతుంది! చివరి విడతల్లో యంత్రం అసలు పెట్టకూడదు. యంత్రం లేకుండా ఉండలేని స్థితికి మనిషిని తెచ్చామంటే మేము నేర్పినది ఏమీ లేదన్నమాట.

వెన్నెలబాట గారి గీతకూ తలనొప్పికీ పొంతన కుదరకపోవడంలో నాకు వింతేమీ కనబడదు. శిక్షణ గదిలో అరగంట కొలిచినది మిగతా రోజంతా భుజం ఏం చేసిందో చెప్పదు.

నిలువుటద్దం

కటి కండరాల అధ్యయనం గురించి నాకు ముందు తెలియదు. ఆ ఒక్క చోట నా వాదన నిలవదని ఒప్పుకుంటున్నాను. తెర తిప్పి ముందు అంచనా చెప్పించడం కూడా సబబుగానే ఉంది. ఎందుకంటే అప్పుడు అబద్ధపు గీతతో మనిషిని మభ్యపెట్టడం కష్టం.

మైగ్రేన్ విషయంలో మాత్రం నా సందేహం తీరలేదు. కాన్సస్ రాష్ట్రంలోని మెనింజర్ ఫౌండేషన్‌లో ఎల్మర్ గ్రీన్ బృందం ప్రయోగాలు చేస్తుండగా, ఒకామెకు చేతులు వేడెక్కుతున్న సమయంలోనే మైగ్రేన్ తగ్గిందట; చేతులు వేడి చేసుకునే శిక్షణ అక్కడి నుంచి పుట్టింది. మైగ్రేన్‌కు బయోఫీడ్‌బ్యాక్ మీద 2007లో ప్రచురితమైన విశ్లేషణలో 55 అధ్యయనాలను కలిపి చూస్తే ప్రభావం మధ్యస్థంగా తేలింది, ఆ మేలు సగటున 17 నెలల దాకా నిలిచింది. తీసిపారేయదగిన ఫలితం కాదు. అయితే చేతివేళ్లలో రక్తప్రసరణ పెరగడానికీ తలలో నొప్పి తగ్గడానికీ మధ్య లంకె ఏమిటో ఎవరైనా సూటిగా చెబితే వినాలని ఉంది. ఒళ్లంతా ఒత్తిడి తగ్గినప్పుడు చేతులు వేడెక్కడం, తలనొప్పి తగ్గడం రెండూ పక్కపక్కనే జరుగుతాయంటే నమ్ముతాను. ఒకటి రెండోదానికి కారణమంటే నమ్మను.

దారపుకొస

నేనూ మీరన్నంతవరకే నమ్ముతాను. ఆ విశ్లేషణలోనే మరో మాట ఉంది: ఇంటి దగ్గర సాధన కలిపినవారికి, కలపనివారి కన్నా ఎక్కువ మేలు జరిగింది. మనిషి యంత్రానికి దూరంగా ఉన్న సమయమే నాకు అందులో ముఖ్యంగా కనిపిస్తోంది.

వెన్నెలబాట

ఆలస్యంగా తిరిగి వస్తున్నాను. ఈ మధ్యలో మరో రెండు విడతలు జరిగాయి. తెర తిప్పమని అడిగితే శిక్షకులు అభ్యంతరం చెప్పలేదు, నవ్వి ఒప్పుకున్నారు. మొదటిసారి పది అంచనాలు చెప్పాను. దగ్గరగా వచ్చినవి మూడే. వాటిలో ఎడమ భుజానివే ఎక్కువ. కుడి భుజం బాగా బిగిసినప్పుడు నేను రెండు అంటే తెర ఏడు చూపింది, పైగా సడలిన తర్వాత నేను ఐదు అన్నాను. అంటే బిగువు నాకు మామూలుగానూ, సడలింపు ఏదో తేడాగానూ తోస్తున్నాయన్నమాట. రెండోసారి పదిలో ఆరు దగ్గరగా వచ్చాయి.

తలనొప్పి ఎంత తగ్గిందో ఇప్పుడే చెప్పలేను, రెండు వారాలు చాలవు. నిన్న మాత్రం యంత్రం లేకుండానే ఒకటి పట్టుకున్నాను. ఫోను మోగి నేను చెయ్యి చాపేలోపే కుడి భుజం పైకి లేచి ఉంది. తొలిజాము గారు చెప్పిన భయం నాకూ ఉంది కాబట్టి రోజంతా వెతకడం లేదు, ఫోను మోగినప్పుడు మాత్రమే చూసుకుంటున్నాను. మిగిలిన రెండు విడతల్లో ఒకదాన్ని దవడకు కేటాయించమని అడిగాను. భుజం లేవడానికి ముందే పళ్లు బిగుస్తున్నాయేమోనని అనుమానం. అంచనా ఎంత తప్పిందో వచ్చి రాస్తాను.