డింగిల్‌లో వారం: కాటేజీ తీసుకుంటే సెలవు ఎవరికి?

గుంటూరు పిల్ల (డబ్లిన్):
జులైలో అమ్మానాన్న వస్తున్నారు. ఐర్లాండ్ పడమటి తీరాన కెర్రీ కౌంటీలో ఉన్న డింగిల్ చూపించి, అక్కడే వారం ఉందామని మా ప్లాన్. ఊరి బయట వెంట్రీ వైపు సముద్రం కనిపించే సెల్ఫ్ కేటరింగ్ (మనమే వండుకునే) కాటేజీ ఒకటి చూశాం. అమ్మ బయట తిండి ముట్టదు, వంటిల్లు ఉండి తీరాలని మా ఆయన పట్టు. పొయ్యి కనిపిస్తే అమ్మ ఇక దాని ముందు నుంచి కదలదని నా భయం, అందుకే గదీ, పొద్దున టిఫినూ ఇచ్చే బీ అండ్ బీ అంటున్నాను. మాకు కారు లేదు. మీరైతే ఏం చేస్తారు?

లిమరిక్ రావు:
కాటేజీయే, ఇంకో మాట లేదు. బీ అండ్ బీలో పొద్దున్నే సాసేజ్, బేకన్, దాని పక్కన నెత్తురుతో చేసే బ్లాక్ పుడ్డింగ్. అమ్మగారికి మిగిలేది టోస్టూ, జామూ. పైగా జులై అయినా అక్కడ ముసురు పట్టిందంటే వదలదు. బీ అండ్ బీ గదిలో మంచం మీద కూర్చుని నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకోవాలి. కాటేజీలో అయితే హాల్లో చలి కాచుకునే స్టవ్ వెలిగించుకుని పేకాడుకోవచ్చు.

కార్క్ కామాక్షి:
రావుగారూ, మీరు పేకాడుతుంటే పకోడీలు ఎవరు వేస్తారో చెప్పలేదు. మా అత్తగారు వచ్చినప్పుడు ఇలాగే కాటేజీ తీసుకున్నాం. మొదటిరోజే ఎండుమిర్చి పోపు ఘాటుకి స్మోక్ అలారం కూయడం మొదలెట్టింది. మావారు కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతుంటే, పక్క కాటేజీ ఆవిడ పరిగెత్తుకొచ్చింది. వెంట తీసుకెళ్లిన అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కనే లేదు. వారమంతా అత్తగారు గిన్నెలు తోముతూనే ఉన్నారు. సముద్రం చూసింది సింక్ ముందున్న కిటికీలోంచే!

పడమటి గాలి (ట్రలీ):
అమ్మాయ్, కాటేజీయా బీ అండ్ బీయా అన్నది తర్వాత. కారు లేకుండా వెంట్రీ ఎందుకు? డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్ నుంచి ట్రలీకి రైల్లో సుమారు 4 గంటలు, చాలా రైళ్లకు మాలో స్టేషన్‌లో మారాలి. ట్రలీ నుంచి డింగిల్ 50 కిలోమీటర్లు, బస్సుంది. డింగిల్ దాటి పడమటికి బస్సులు బాగా తక్కువ. పాల ప్యాకెట్ కోసం కూడా టాక్సీ పిలవాలి. అదే ఊళ్లో ఉంటే సూపర్‌మార్కెట్, రేవు, పబ్బులు అన్నీ నడిచే దూరమే. అమ్మగారు వంట చేసినా ఊరు చూస్తారు. చేపలు తింటారా? వేసవిలో కానగంతలు బాగా పడతాయి.

సముద్రం అంచున వెళ్లే స్లే హెడ్ రోడ్డుకి మినీబస్ టూర్లున్నాయి. గ్రేట్ బ్లాస్కెట్ దీవికి పడవ ఎక్కాలనుకుంటే మాత్రం ఒకటే రోజు మీద ఆశ పెట్టుకోకండి, సముద్రం బాలేకపోతే పడవ కదలదు. 1953లో ఆ దీవిలో మిగిలినవాళ్లని ఒడ్డుకి తరలించారంటే ఊరికే కాదు.

ఇంకోటి. అమ్మగారిని ఊరి నుంచి నెయ్యి తేవద్దనండి. ఈయూ బయటి నుంచి పాల పదార్థాలు సామాన్లలో రానివ్వరు. పచ్చి కరివేపాకుకి కూడా సర్టిఫికెట్ కావాలి. డబ్లిన్ మూర్ స్ట్రీట్‌లో కొని పట్టుకెళ్లండి.

లిమరిక్ రావు:
కారు అద్దెకి తీసుకుంటే సరిపోయె! మీకు ఐరిష్ లైసెన్స్ లేకపోయినా, నాన్నగారు విజిటర్ కాబట్టి ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చు. ఇక్కడా ఎడమ పక్కనే.

పడమటి గాలి:
చట్టం ఒప్పుకుంటుంది, కానీ వయసు పరిమితి కంపెనీని బట్టి మారుతుంది, ముందే కనుక్కోండి. ఆటోమేటిక్ అయితే అద్దె ఎక్కువ. స్లే హెడ్‌లో ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క కొండ అంచు. టూర్ బస్సులు ఎదురుపడకుండా గడియారం ముల్లు తిరిగే దిశలోనే వెళ్లమంటారు. పెద్దాయన్ని కొత్త దేశంలో మొదటివారమే ఆ రోడ్డెక్కిస్తారా?

గుంటూరు పిల్ల:
నాన్న అయితే నేను రెడీ అంటున్నారు, భయమంతా నాకే. ఊళ్లోనే వెతుకుతున్నా, కానీ జులైలో చాలావరకు శనివారం నుంచి శనివారానికే ఇస్తామంటున్నారు. వాళ్లు డబ్లిన్‌లో దిగేది సోమవారం.

కార్క్ కామాక్షి:
అయితే డింగిల్లో మూడు రాత్రులు బీ అండ్ బీ చాలు. బుక్ చేసేటప్పుడే శాకాహారమని రాయి, గుడ్లూ పుట్టగొడుగులూ చేసిపెడతారు. రాత్రికి పులిహోర నువ్వు కలిపి పట్టుకెళ్లు.

లిమరిక్ రావు:
మూడు రోజులూ పులిహోరేనా? వంటిల్లు కావాలన్న మీ ఆయన్ని కూడా ఒక మాట అడగండమ్మా.