బోరు నీళ్లకే జుట్టు రాలుతోందా? సాఫ్టెనర్‌కి చందా వేసుకోవాలా, చర్మ డాక్టర్‌ని చూడాలా?

పోరంకి_కార్యదర్శి
విజయవాడ పక్కనే మా అపార్టుమెంటులో తాగడానికి క్యాన్లు, మిగతా అన్నిటికీ బోరే. ఈ నీళ్లకే జుట్టు ఊడుతోందని, అందరం చందా వేసుకుని నీళ్లను మెత్తబరిచే సాఫ్టెనర్ మిషను పెట్టించాలని సగం ఫ్లాట్లవాళ్లు పట్టుబట్టారు. మిగతా సగం "నీళ్లకీ జుట్టుకీ లంకె ఏంటి?" అంటున్నారు. టీడీఎస్ మీటరు 1,100 చూపించింది. ఆదివారం మీటింగు ఉంది. విషయం తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నీటిలెక్క
టీడీఎస్ అంకె చూసి సాఫ్టెనర్ కొనడమంటే కరెంటు బిల్లు చూసి బీపీ మాత్ర వేసుకోవడమే. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఆ మీటరు ఒక అంచనా చెబుతుంది. అందులో మామూలు ఉప్పు ఎంత, కాల్షియం, మెగ్నీషియం ఎంత అన్నది దానికి తెలియదు. సబ్బును నురగ రానివ్వనిది, షవర్ చిల్లులు మూసేసేది ఆ కాల్షియం, మెగ్నీషియమే. దాన్నే కఠినత్వం అంటాం. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా సరే, వేరే నీళ్లు దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్‌కి ఆ హద్దులు 500, 2,000.

కఠినత్వానికి వేరే కిట్టు ఉంటుంది. గొట్టంలో గీత దాకా నీళ్లు పోసి, రంగు చూపే సూచిక వేస్తే ద్రాక్షసారా ఎరుపు వస్తుంది. కిట్టులోని ఈడీటీఏ ద్రావణం ఒక్కో చుక్కా వేస్తూ కదపాలి. ఎరుపు పూర్తిగా పోయి నీలం తేలిన చుక్క దగ్గర ఆపి, చుక్కల లెక్కను కిట్టు మీద రాసిన అంకెతో గుణించాలి. ఊదా రంగు రాగానే ఆపేస్తే ఫలితం తక్కువ వస్తుంది. చాలామంది చేసే తప్పు అదే.

ఇక సాఫ్టెనర్. ఇది లవణాలను తీసెయ్యదు, కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది. 100 మిల్లీగ్రాముల కఠినత్వం పోతే లీటరుకు సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. కాబట్టి మీ మీటరు అంకె తగ్గదు. "మిషను పనిచెయ్యట్లేదు" అని గొడవపడొద్దు. ఆ నీళ్లు తాగడానికి వద్దు, బీపీ ఉన్నవాళ్లకు అసలే వద్దు. పూలకుండీలకూ విడిగా బోరు లైను ఉంచండి. బోరులో ఇనుము ఎక్కువుంటే ఈ మార్పిడి చేసే రెజిన్ పాడవుతుంది, ముందు ఇనుము ఫిల్టరు కావాలి. ఆ సోడియం అందించే ఉప్పు తొట్టి ఖాళీ అయితే లోపలికెళ్లిన నీళ్లు అలాగే బయటికొస్తాయి. మీ వాచ్‌మన్ ఉప్పు వేస్తాడో లేదో ముందు తేల్చుకోండి.

తలచర్మం
నీటిలెక్క గారు నీళ్ల సంగతి తేల్చారు. జుట్టు దగ్గర మాత్రం రెండు వేరువేరు విషయాలు కలిసిపోతున్నాయి. ఒకటి తెగడం, ఇంకోటి రాలడం.

దువ్వెనకు చిక్కిన వెంట్రుకల్ని తెల్లకాగితం మీద పరవండి. ఒక కొసన ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి ఉండ కనిపిస్తే అది కుదురు నుంచి ఊడింది. ఏ కొసనా ఉండ లేకుండా పొట్టిగా, పొడవులు తేడాగా ఉంటే మధ్యలో తెగింది. కఠిన జలం ఏదైనా చేస్తే ఈ రెండోదే చేస్తుంది. వెంట్రుక పైపొర మీద సున్నం పేరుకుని గరుకెక్కుతుంది, చిక్కు పడుతుంది, దువ్వితే తెగుతుంది. అది కూడా ఖాయం కాదు. కత్తిరించిన వెంట్రుకల్ని కఠిన జలంలోనూ శుద్ధ జలంలోనూ ఉంచి బలం కొలిస్తే కొన్ని పరిశోధనల్లో తేడా రాలేదు, కొన్నింట్లో బలం తగ్గింది. కుదురు దాకా వెళ్లి వెంట్రుకను ఊడగొట్టే దారి మాత్రం ఈ నీళ్లకు లేదు.

ఉండ ఉన్నవి రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. రెండ్రోజులకోసారి తలస్నానం చేస్తే ఆ రోజు రెట్టింపు కనిపిస్తాయి. అనుమానముంటే 50, 60 వెంట్రుకల పాయను మొదట్లో పట్టుకుని కొస దాకా నెమ్మదిగా లాగండి. ఆరు, అంతకంటే ఎక్కువ చేతికొస్తే రాలడం జోరుగా ఉన్నట్టే.

కానూరు_వాసి
ఇదంతా పుస్తకాల మాటండీ. కానూరు, తాడిగడప హాస్టళ్లలో చేరిన పిల్లల్ని అడగండి. ఇంటి దగ్గర కాలవ నీళ్లతో జడ ఇంత లావున ఉండేది. ఇక్కడికొచ్చిన మూడు నెలలకే సగమైందంటారు. ఇంతమందీ అబద్ధం చెబుతారా?

తలచర్మం
అబద్ధం కాదండీ, కాకపోతే మీరన్న ఆ మూడు నెలల్లోనే జవాబుంది. వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, రెండు మూడు వారాలు ఆగుతుంది, తర్వాత మూడు నెలల పాటు విశ్రాంతిలో ఉండి ఊడుతుంది. ఒంటికి ఏదైనా దెబ్బ తగిలితే పెరుగుతున్నవి ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. రాలడం కనిపించేది రెండు మూడు నెలలకు. కాబట్టి నిన్నటి షాంపూనీ, మొన్నటి నీళ్లనీ కాదు, మూడు నెలల కింద ఏమైందో వెతకాలి. హాస్టల్ పిల్లలకైతే తిండి మారి, నిద్ర చెడి, మధ్యలో ఒక టైఫాయిడ్ వచ్చి ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరులో డెంగీ పడినవాళ్లకు కార్తీకమాసంలో దువ్వెన నిండడం ఇదే లెక్క. కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం, థైరాయిడ్, ఇనుము లోపం కూడా ఇదే పని చేస్తాయి. కారణం పోతే చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే ఆగుతుంది.

పైగా పద్దెనిమిది దాటిన మగపిల్లల్లో వంశపారంపర్య బట్టతల మొదలయ్యేది ఆ వయసులోనే. అందులో గుప్పెడు గుప్పెడు రాలదు. ఊడి మళ్లీ మొలిచిన ప్రతిసారీ వెంట్రుక సన్నబడుతూ పోతుంది. కణతల దగ్గర లోపలికి పోవడం, నడినెత్తి పలచబడడం, ఆడవాళ్లకైతే పాపిడి వెడల్పవడం దాని గుర్తులు. ఇది ఆగి చూస్తే తగ్గే రకం కాదు.

మీ మాటలో ఒక్కటి ఒప్పుకుంటాను. తలకు ఒంటిసబ్బు రుద్దేవాళ్లకు బోరు నీళ్లలో సబ్బు విరిగి జిడ్డు తెట్టు తలకు అంటుకుంటుంది. దురద, గోకుడు, చిక్కు మొదలవుతాయి. షాంపూకి, కుంకుడు రసానికి ఆ ఇబ్బంది లేదు. అంతకీ బెంగగా ఉంటే ఆఖరి మగ్గు క్యాను నీళ్లతో పోసుకోమనండి.

కానూరు_వాసి
సరే, డాక్టర్ దగ్గరికి వెళ్తే? సూర్యారావుపేటలో ఏ క్లినిక్ మెట్లెక్కినా తలకు రాసే మినాక్సిడిల్, బయోటిన్ విటమిన్ మాత్రలు, పీఆర్పీ ప్యాకేజీ అంటారు. దానికన్నా సాఫ్టెనర్ చవక.

మందులకొట్టు
ప్యాకేజీ మాట పక్కనపెడితే మినాక్సిడిల్‌ని తీసిపారెయ్యకండి. అది పనిచెయ్యదనేవాళ్లలో చాలామంది వాడే తీరు తప్పు. మగవాళ్లకు 5 శాతం ద్రావణం పూటకు 1 మిల్లీలీటరు, రెండు పూటలా. ఆడవాళ్లకు 2 శాతం రెండు పూటలా, లేదా 5 శాతం నురగ రోజుకొకసారి. జుట్టుకు కాదు, పాపిడి తీసి చర్మానికి పట్టించాలి. తడితల మీదా, నూనె తల మీదా వద్దు. నాలుగు గంటలు తల తడపకూడదు. రాత్రిది పడుకోవడానికి రెండు గంటల ముందే వెయ్యాలి. లేకపోతే దిండుకంటి ముఖానికి చేరి బుగ్గల మీద నూగు వస్తుంది. మన మే నెల చెమటకు ఫ్యాన్ కింద ఆరేదాకా బయటికెళ్లొద్దు.

మొదటి రెండు నుంచి ఎనిమిది వారాల్లో ఇంకాస్త ఎక్కువ రాలుతుంది. కొత్త వెంట్రుక పాతదాన్ని తోసేస్తోందన్నమాట. జనం సరిగ్గా అప్పుడే సీసా పారేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలల ముందు ఫలితం అడగొద్దు. మానేస్తే మూడు నాలుగు నెలల్లో మళ్లీ మొదటికే. దురద, పొట్టు వస్తే చాలాసార్లు అందులోని ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం వల్ల. అది లేని నురగకు మారితే సరిపోతుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. పిల్లి నాకితే దాని ప్రాణానికే ముప్పు.

అందుకే నా మాట: అనుమానమున్నవాళ్లు ఈరోజే మొదలుపెట్టండి.

తలచర్మం
ఆ చివరి వాక్యం దగ్గరే నాకు పేచీ. డెంగీ తర్వాత రాలేవాళ్లు మొదలుపెడితే ఎలాగూ ఆగే జుట్టు మందు వల్ల ఆగిందనుకుని ఏళ్లతరబడి సీసాలు కొంటారు. ముందు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూడాలి. జ్వరం తగ్గీ తగ్గగానే ఫెరిటిన్ చేయిస్తే దొంగ లెక్క వస్తుంది. ఒంట్లో జబ్బు తాలూకు వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు అది పెరుగుతుంది, లోపం దాగిపోతుంది. కొన్ని వారాలు ఆగండి. బయోటిన్ మింగుతూ థైరాయిడ్ పరీక్ష చేయిస్తే అదీ తప్పు చూపించవచ్చు. బయోటిన్ లోపం చాలా అరుదు, లేనివాళ్లకు ఆ మాత్రతో జుట్టు వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. జీజీహెచ్ (ప్రభుత్వాసుపత్రి) చర్మవ్యాధుల ఓపీలో చూపించుకుంటే ప్యాకేజీ బెడదే ఉండదు.

పీఆర్పీ అంటే మన రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లున్న భాగాన్ని తలలోకి ఎక్కించడం. కొందరికి ఒత్తుదనం పెరుగుతుంది. కానీ ఎంత రక్తం, ఎంత వేగం, ఎన్నిసార్లు అన్నది క్లినిక్‌కొక తీరు. బట్టతలకు మొదటి మందుగా దాన్ని అమ్మితే లేచి వచ్చెయ్యండి.

మందులకొట్టు
జ్వరం కేసుల్లో మీ మాట ఒప్పుకుంటున్నా. తండ్రికీ మేనమామకీ బట్టతల ఉండి, కణతలు పోతున్న పాతికేళ్లవాడికి మాత్రం పరీక్షల పేరుతో ఆరు నెలలు పోగొట్టొద్దు. కుదురు పూర్తిగా మూసుకుపోయాక ఏ మందూ తెరవలేదు. ఫినాస్టిరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర రక్తంలో డీహెచ్‌టీని, అంటే వెంట్రుకను సన్నబరిచే మగ హార్మోన్‌ని, సుమారు మూడింట రెండొంతులు తగ్గిస్తుంది. చీటీ లేకుండా మాత్రం ఇవ్వను. కొందరికి కోరిక తగ్గడం, దిగులు వస్తాయి. ప్రోస్టేట్ పీఎస్‌ఏ పరీక్ష అంకె సగానికి పడిపోతుంది, ఆ డాక్టరుకు చెప్పాలి. గర్భిణి విరిగిన మాత్ర ముట్టుకోకూడదు.

మినాక్సిడిల్ మాత్ర అడిగేవాళ్లూ ఎక్కువయ్యారు. అసలు అది బీపీ మందు. కాళ్లు వాయడం, గుండెదడ ఉంటాయి. సొంతంగా మొదలుపెట్టొద్దు.

బెంజిసర్కిల్
కొండ మీద గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుంది కదా?

తలచర్మం
మొక్కు తీరుతుంది. కుదుళ్ల లెక్క మారదు. కోసిన కొస మొద్దుగా ఉండడంతో కొన్ని వారాలు లావుగా అనిపిస్తుందంతే.

రూపాయి బిళ్లంత నున్నగా పోతే మాత్రం అది పేనుకొరుకుడు. ఇది వేరే జబ్బు. దానికి గురివింద గింజ నూరి రాస్తుంటారు, అది విషం, పుండ్లు పడతాయి. ఆ మచ్చలోకి స్టెరాయిడ్ సూదులు, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి. అదీ చర్మ డాక్టరే చెయ్యాలి.

పోరంకి_కార్యదర్శి
అయితే చందా పెట్టాలా, వద్దా? ఒక్క మాట చెప్పండి.

నీటిలెక్క
గీజరు కాయిలు, వాషింగ్ మిషను, కుళాయిల కోసమైతే, కఠినత్వం 300 దాటితే పెట్టించండి. జుట్టు కోసమైతే నా ఓటు లేదు. ఆదివారం లోపు కొలవండి. ట్యాంకులో ట్యాంకరు నీళ్లు కలిసి ఉంటాయి కాబట్టి నమూనా అక్కడ వద్దు. మోటారు పది నిమిషాలు నడిచాక బోరు గొట్టం దగ్గరే, అదే నీళ్లతో సీసా మూడుసార్లు తొలిచి పట్టండి.